ప్లూటో చిన్న చందమామలు ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా నిలబడ్డాయి?

ప్లూటోకు ఐదు ఉపగ్రహాలు ఉన్నాయని స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. లెక్క సరైనదే. కానీ ఐదింటినీ ఒకే వరసలో నిలబెడితే అసలు విషయం మరుగున పడిపోతుంది. వాటిలో షారన్ పూర్తిగా వేరు. ప్లూటో వ్యాసం 2,377 కిలోమీటర్లు, షారన్ వ్యాసం 1,212 కిలోమీటర్లు. ద్రవ్యరాశిలో షారన్ ప్లూటోకు ఎనిమిదో వంతు ఉంటుంది. మన చంద్రుడు భూమిలో 81వ వంతు మాత్రమే. ఇంత బరువైన తోడు పక్కన ఉన్నప్పుడు ప్లూటో మధ్యలో కదలకుండా కూర్చోవడం కుదరదు. రెండూ కలిసి ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. ఆ కేంద్రం ప్లూటో నడిమధ్య నుంచి సుమారు 2,100 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్లూటో వ్యాసార్ధం 1,188 కిలోమీటర్లే కాబట్టి ఆ బిందువు ప్లూటో బయట, ఖాళీ అంతరిక్షంలో పడుతుంది.

రెండింటి మధ్య దూరం దాదాపు 19,600 కిలోమీటర్లు. 6.39 రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది, ఆ చుట్టంతా ఒకదానికొకటి ఒకే ముఖం చూపిస్తూ ఉంటాయి. 2006 ఆగస్టులో ప్రేగ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశానికి వచ్చిన తొలి ముసాయిదా షారన్‌ను కూడా గ్రహంగానే లెక్కపెట్టింది. చివరి తీర్మానంలో అది లేదు, ప్లూటో కూడా మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి వెళ్లింది. పేరు సంగతి ఎలా ఉన్నా, కక్ష్యల లెక్క వేసేవాళ్లకు మాత్రం ఇది జంట వ్యవస్థ. వేరేలా అనుకుంటే లెక్క తేలదు.

మిగిలిన నాలుగు చాలా చిన్నవి. నిక్స్, హైడ్రా 2005లో హబుల్ చిత్రాల్లో దొరికాయి. రెండింటికీ పొడవు సుమారు 50 కిలోమీటర్లు. కెర్బెరోస్ 2011లో, స్టిక్స్ 2012లో బయటపడ్డాయి. వీటి పొడవు 20 కిలోమీటర్లకు మించదు. నాలుగూ ప్లూటో చుట్టూ కాదు, ప్లూటో-షారన్ జంట చుట్టూ తిరుగుతున్నాయి. మధ్యలో ఉన్న ఆకర్షణ ప్రతి 6.39 రోజులకు ఒకసారి దిశ మార్చుకుంటూ ఉంటే, అంత చిన్న రాళ్లు బయటికి విసిరేయబడకుండా, ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఎలా ఉండగలిగాయి? నిక్స్, హైడ్రాల మీద ఉన్న బిలాలను లెక్కపెట్టి చూస్తే వాటి ఉపరితలాల వయసు కనీసం 400 కోట్ల ఏళ్లని తేలింది. స్టిక్స్ కూడా అప్పటి నుంచే ఉందనుకుంటే ఈపాటికి సుమారు 7,000 కోట్ల చుట్లు తిరిగి ఉంటుంది.

ఇక్కడే ఈ వ్యవస్థలోని అందం ఉంది. అవి ఇంతకాలం నిలబడ్డాయన్న ఒక్క వాస్తవం నుంచే వాటి బరువు గురించి చాలా తెలుసుకోవచ్చు. వాటి మనుగడే ఒక త్రాసు.

హైదరాబాద్ మీద ప్లూటో పటం

దూరాలు అర్థం కావాలంటే ఈ వ్యవస్థను హైదరాబాద్ పటం మీద పరిచి చూడొచ్చు. అక్కడి 2,600 కిలోమీటర్లు ఇక్కడ ఒక కిలోమీటరు అనుకుందాం. ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చార్మినార్ దగ్గర పెడితే, ప్లూటో దక్షిణాన శాలిబండ వైపు 800 మీటర్ల దూరంలో, 900 మీటర్ల వెడల్పుతో ఉంటుంది. షారన్ ఉత్తరాన ఆరున్నర కిలోమీటర్లు దాటాక హుస్సేన్ సాగర్ నీళ్ల మీద పడుతుంది, వెడల్పు అర కిలోమీటరుకు కాస్త తక్కువ. స్టిక్స్ కక్ష్య గచ్చిబౌలి మీదుగా, నిక్స్ కక్ష్య మియాపూర్ మీదుగా, కెర్బెరోస్ కక్ష్య లింగంపల్లి మీదుగా, హైడ్రా కక్ష్య ఘట్‌కేసర్ దగ్గరగా వెళ్తాయి. ఇవన్నీ చార్మినార్ నుంచి తిన్నగా కొలిచిన దూరాలు, రోడ్డు దూరాలు కావు. ఈ పటంలో హైడ్రా 20 మీటర్లు కూడా ఉండదు, స్టిక్స్ ఆరేడు మీటర్లు.

చార్మినార్ నుంచి 15 కిలోమీటర్ల దూరంలో, అంటే హైటెక్ సిటీ దాటగానే, ఒక గీత గీయాలి. ఆ గీత లోపల ఈ జంట చుట్టూ తిరిగే ఏ చిన్న రాయీ ఎక్కువ కాలం ఉండలేదు. స్టిక్స్ కక్ష్య ఆ గీతకు బయట, కిలోమీటరున్నర కూడా లేని దూరంలో ఉంది.

ఆ గీత ఊహించుకుని గీసింది కాదు. మాథ్యూ హోల్మన్, పాల్ వీగర్ట్ అనే ఇద్దరు 1999లో జంట నక్షత్రాల చుట్టూ గ్రహాలు ఎక్కడ నిలబడగలవో కంప్యూటర్ మీద లెక్కించారు. జంటలో చిన్నదాని ద్రవ్యరాశి వాటా ఎంత, వాటి కక్ష్య ఎంత సాగి ఉంది అన్న రెండు సంగతులు తెలిస్తే ప్రమాద సరిహద్దు ఎక్కడో చెప్పే సూత్రం ఇచ్చారు. ప్లూటో-షారన్ కక్ష్య దాదాపు గుండ్రంగా ఉంది. మొత్తం ద్రవ్యరాశిలో షారన్ వాటా సుమారు 0.109. ఆ సంఖ్యలు వేస్తే సరిహద్దు ప్లూటో-షారన్ దూరానికి దాదాపు రెండు రెట్ల దగ్గర, అంటే 39,000 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. స్టిక్స్ 42,656 కిలోమీటర్ల దగ్గర ఉంది. తేడా తొమ్మిది శాతం.

ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఆ లెక్కలో ప్రతి రాయినీ జంట 10,000 చుట్లు తిరిగేవరకే గమనించారు. ప్లూటో-షారన్ విషయంలో అది 175 ఏళ్లు మాత్రమే. 175 ఏళ్లు తట్టుకున్నది 400 కోట్ల ఏళ్లూ తట్టుకుంటుందని అనలేం. కాబట్టి 39,000 కిలోమీటర్లు అనేది కనీస సరిహద్దు, దీర్ఘకాలంలో అది ఇంకాస్త బయటికే జరుగుతుంది. స్టిక్స్ అంచున ఉందన్న మాట ఆ తొమ్మిది శాతం చెప్పేదానికన్నా నిజం.

గీత లోపల ఏం జరుగుతుంది? లోపలి కక్ష్యలో తిరిగే రాయిని షారన్ తరచూ దాటి ముందుకు వెళ్తుంది. దాటిన ప్రతిసారీ దాన్ని కొద్దిగా లాగుతుంది. ఆ లాగుడు ఒకసారి వేగం పెంచుతుంది, ఇంకోసారి తగ్గిస్తుంది. రాయి దూరంగా ఉంటే ఈ లాభనష్టాలు చాలావరకు కొట్టుకుపోతాయి. దగ్గరగా ఉంటే కొట్టుకుపోవు. రాయి చుట్టుకాలం షారన్ చుట్టుకాలానికి సరిగ్గా రెండు రెట్లు, మూడు రెట్లు ఉన్నచోట్ల లాగుడు ప్రతిసారీ కక్ష్యలోని అదే భాగంలో పడి పేరుకుపోతుంది. దీన్నే అనునాదం అంటారు. ఒక్కో అనునాదం తన చుట్టూ కొంత వెడల్పున ప్రభావం చూపుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ ఆ వెడల్పులు ఒకదానిమీద ఒకటి పడతాయి. అలా పడినచోట రాయి ఒక అనునాదం పట్టులోంచి ఇంకోదానిలోకి జారుతూ పోతుంది, దాని దారి ముందుగా చెప్పలేనట్టు మారిపోతుంది. చివరికి షారన్‌ను గానీ ప్లూటోను గానీ ఢీకొంటుంది, లేదా వ్యవస్థ నుంచే బయటికి పోతుంది.

ప్లూటోకు మరీ దగ్గరగా, దాని ఒక్కదాని చుట్టే తిరిగే కక్ష్యలు సుమారు 8,000 కిలోమీటర్ల వరకు నిలకడగా ఉండగలవు. అక్కడ ఏమీ లేకపోవడానికి కారణం పాత చరిత్రలో ఉంది. షారన్ ఒకప్పుడు ప్లూటోకు చాలా దగ్గరగా ఉండి, ఒకదాని ఆకర్షణ మరోదాన్ని సాగదీసే ఆటుపోటు బలాల వల్ల క్రమంగా దూరం జరిగింది. ఆ దారిలో ఉన్నవన్నీ ఊడ్చుకుపోయాయి.

ఇదంతా కాగితం మీది లెక్క అనుకోవద్దు. ప్లూటోను చూడ్డానికి నాసా పంపిన న్యూ హొరైజన్స్ నౌక 2006 జనవరిలో బయల్దేరినప్పుడు కెర్బెరోస్, స్టిక్స్ ఉన్నాయని ఎవరికీ తెలియదు. దారిలో ఉండగా అవి బయటపడేసరికి బృందానికి నిజంగానే టెన్షన్ పట్టుకుంది. చిన్న చందమామలంటే వాటిని ఉల్కలు తాకినప్పుడు లేచే ధూళి కూడా ఉంటుంది. సెకనుకు దాదాపు 14 కిలోమీటర్ల వేగంతో వెళ్లే నౌకకు బియ్యపు గింజంత రేణువు తగిలినా పని అయిపోతుంది. 2015 జులై 14న ఆ నౌక ప్లూటో ఉపరితలానికి 12,500 కిలోమీటర్ల దూరంలోంచి, అంటే షారన్ కక్ష్య లోపలి నుంచి దాటింది. షారన్ ఊడ్చేసే ఆ ప్రాంతంలో ధూళి నిలవదు. రాళ్లకు బతుకు లేని చోటే నౌకకు క్షేమమైన దారి అయింది.

3, 4, 5, 6: చూడ్డానికి ముచ్చటైన వరస

షారన్ చుట్టుకాలం ఒకటి అనుకుంటే స్టిక్స్‌ది 3.16, నిక్స్‌ది 3.89, కెర్బెరోస్‌ది 5.04, హైడ్రాది 5.98. ఈ అంకెలు చూడగానే 3, 4, 5, 6 అనే వరస కళ్లకు కడుతుంది. అన్నీ షారన్‌తో అనునాదంలో ఉన్నాయి, అందుకే నిలకడగా ఉన్నాయి అని రాసేయాలనిపిస్తుంది. చాలా వ్యాసాల్లో అలాగే ఉంటుంది. అది సరికాదు. నాలుగూ ఆ పూర్ణాంకాలకు దగ్గరగా ఉన్నాయే గానీ వాటి మీద లేవు. స్టిక్స్ అయితే అయిదు శాతం తప్పుకుని ఉంది. సరిగ్గా మూడు రెట్ల దగ్గర ఉండి ఉంటే దాని పరిస్థితి మెరుగ్గా కాదు, అధ్వానంగా ఉండేది. అనునాదం అన్నిచోట్లా కాపాడదు. కొన్నిచోట్ల కాపాడుతుంది, కొన్నిచోట్ల విసిరేస్తుంది. ఇక్కడ షారన్‌తో అనునాదం విసిరేసే రకం.

కాపాడే రకం కూడా ఇక్కడ ఉంది, అయితే అది చిన్న చందమామల మధ్యే ఉంది. మార్క్ షోవాల్టర్, డగ్లస్ హామిల్టన్ 2015 జూన్‌లో నేచర్ పత్రికలో దీన్ని చూపించారు. స్టిక్స్ సుమారు 106.8 రోజులకోసారి నిక్స్‌ను దాటుతుంది. నిక్స్ సుమారు 71.1 రోజులకోసారి హైడ్రాను దాటుతుంది. అంటే 213 రోజుల్లో మొదటిది రెండుసార్లు, రెండోది మూడుసార్లు జరుగుతాయి. ఈ లయ వల్ల మూడూ ఒకే పక్కన ఒకే వరసలోకి ఎప్పుడూ రావు. మూడింటి లాగుడు ఒకేసారి ఒకే దిక్కున పడే సందర్భమే ఉండదు. బృహస్పతి ఉపగ్రహాలు అయో, యూరోపా, గానిమీడ్ మధ్య ఇలాంటి బంధమే ఉందని రెండు శతాబ్దాలుగా తెలుసు.

వీటి కక్ష్యలు మనకు అలవాటైన కెప్లర్ నియమానికి కూడా పూర్తిగా లొంగవు. ప్లూటో, షారన్ ద్రవ్యరాశులు కలిపి మధ్యలో ఒకే బిందువులో ఉన్నాయని లెక్కిస్తే వచ్చే చుట్టుకాలం కన్నా ఇవి కొన్ని గంటలు ముందే చుట్టు పూర్తి చేస్తాయి. ద్రవ్యరాశి రెండు చోట్ల విడివిడిగా ఉండటం వల్ల బయటివాటికి ఆకర్షణ సగటున కాస్త ఎక్కువగా అందుతుంది. మళ్లీ ఆ జంట తిరిగే లయకు ప్రతి కక్ష్యా కొద్దిగా లోపలికీ బయటికీ ఊగుతుంది. అంటే ఇక్కడ పరిపూర్ణమైన వృత్తం సాధ్యమే కాదు.

బరువు తూచిన విధానం

2012 నాటికి నాలుగు చిన్న చందమామల గురించి తెలిసింది వాటి కక్ష్యలు, వెలుగు మాత్రమే. వెలుగును బట్టి సైజు చెప్పాలంటే ఉపరితలం ఎంత తెల్లగా ఉందో తెలియాలి. బొగ్గులా నల్లగా ఉంటే అదే వెలుగుకు చాలా పెద్ద రాయి కావాలి, మంచులా తెల్లగా ఉంటే చిన్నది చాలు. పరావర్తన సూచిక, అంటే పడిన వెలుగులో ఎంత వాటా తిరిగి వస్తుందో చెప్పే అంకె, 0.6 అనుకున్నదానికీ 0.04 అనుకున్నదానికీ వ్యాసంలో దాదాపు నాలుగు రెట్లు, ద్రవ్యరాశిలో దాదాపు 60 రెట్లు తేడా వస్తుంది. టెలిస్కోపు ఒక్కటే చూసుకుంటే ఇందులో ఏది నిజమో చెప్పే దారి లేదు.

ఆండ్రూ యుడిన్, కైట్లిన్ క్రాటర్, స్కాట్ కెన్యన్ ఆ ఏడాది వేరే దారి పట్టారు. కెర్బెరోస్ కక్ష్య నిక్స్, హైడ్రా కక్ష్యల మధ్య ఇరుక్కుని ఉంది. ఆ రెండూ బరువైనవైతే కెర్బెరోస్ ఏనాడో చెదిరిపోవాలి. అది ఇంకా అక్కడే ఉంది. కాబట్టి నిక్స్, హైడ్రా ఒక హద్దు కన్నా తేలిగ్గా ఉండాలి. తేలికైనవంటే చిన్నవి. చిన్నవి అయ్యుండి అంత వెలుగు ఇస్తున్నాయంటే తెల్లటి మంచు ఉపరితలం ఉండాలి. నౌక అక్కడికి చేరడానికి మూడేళ్ల ముందే, కేవలం ఒక చిన్న రాయి మనుగడను ఆధారంగా చేసుకుని వాళ్లు ఈ మాట చెప్పారు. 2015లో న్యూ హొరైజన్స్ కొలిచిన పరావర్తన సూచికలు నిక్స్‌కు సుమారు 0.56, హైడ్రాకు సుమారు 0.83. హైడ్రా ఉపరితలం దాదాపు స్వచ్ఛమైన నీటి మంచు. ఖగోళ శాస్త్రంలో ఇంత తక్కువ సమాచారంతో ఇంత గట్టి ఫలితం రావడం అరుదు.

ఇంకో పద్ధతిలో తూకం మాత్రం తప్పింది. కక్ష్యల్లో కనిపించే అతి చిన్న తేడాలను బట్టి ద్రవ్యరాశి కట్టడం ఆ పద్ధతి. 2015 జూన్ నాటి వ్యాసంలో అలా లెక్కిస్తే కెర్బెరోస్ బరువు దాని వెలుగుకు చాలా ఎక్కువగా వచ్చింది. తెల్లటి చందమామల మధ్య ఒక్కటి మాత్రం బొగ్గులా నల్లగా ఉందన్న అనుమానం కలిగింది. కొన్ని నెలల తర్వాత అందిన చిత్రాల్లో కెర్బెరోస్ చిన్నగా, తక్కినవాటిలాగే తెల్లగా, రెండు ముద్దలు అతుక్కున్నట్టుగా కనిపించింది. అంటే ఆ తూకం ఎక్కువ చూపించింది. వందల కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన చిత్రాల్లో ఇంత తేలికైన రాయి చేసే లాగుడును పట్టుకోవడం అంత కష్టం. మనుగడ మీద ఆధారపడిన వాదన గరిష్ఠ హద్దు మాత్రమే చెబుతుంది. ఖచ్చితమైన అంకె ఇస్తానని అనదు. అందుకే అది నిలబడింది.

ప్లూటో, షారన్ సైజులు తెలిసిన కథలో హైదరాబాద్ వాళ్లకు బాగా పరిచయమైన పద్ధతి ఒకటి ఉంది. 1985 నుంచి 1990 వరకు భూమి నుంచి చూస్తే ప్లూటో, షారన్ ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. అడ్డం వచ్చినప్పుడల్లా మొత్తం వెలుగు కొద్దిగా తగ్గేది. ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది అన్నది కొలిచి వ్యాసాలు రాబట్టారు. గ్రహణ జంట నక్షత్రాలను చదివే పద్ధతి సరిగ్గా ఇదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపుతో ఏళ్ల తరబడి జరిగిన పని ఇలాంటి జంటల మీదే. అంతకుముందు బేగంపేటలోని నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పటం పనిలో తన వంతు ఆకాశాన్ని ఫొటో తీసి కొలిచింది. నగరానికి జంటల లెక్క కొత్త కాదు. ఆ పరంపర గురించి ఇక్కడి విద్యార్థులకు ఇప్పుడున్నదానికన్నా ఎక్కువ చెప్పాలి.

కక్ష్యలు ఇంత క్రమంగా ఉన్నా, ఆ చందమామల సొంత భ్రమణం వేరే తీరు. హైడ్రా సుమారు 10 గంటలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది, నిక్స్‌కు దాదాపు 44 గంటలు పడుతుంది. మన చంద్రుడిలా ఒకే ముఖం లోపలికి చూపించేది నాలుగింటిలో ఒక్కటీ లేదు.

తేలని ప్రశ్న ఒకటి మిగిలింది. అవి అక్కడ ఎలా నిలబడ్డాయో తెలిసింది గానీ, అక్కడికి ఎలా చేరాయో తెలియలేదు. ప్లూటోను మరో పెద్ద గోళం ఢీకొట్టడంతో షారన్ పుట్టిందని, చుట్టూ మిగిలిన శిథిలాలే చిన్న చందమామలయ్యాయని చాలామంది అంగీకరిస్తారు. ప్లూటో, షారన్ ఢీకొన్నాక కొంతసేపు అతుక్కుని ఉండి తర్వాత విడిపోయాయని 2025లో వచ్చిన ఒక అధ్యయనం ప్రతిపాదించింది. ఎలా జరిగినా షారన్ మొదట్లో దగ్గరగా ఉంది, తర్వాత బయటికి జరిగింది. అది జరుగుతుంటే దానితో పాటు అనునాదాల స్థానాలూ బయటికి జరుగుతాయి. శిథిలాలను ఆ అనునాదాలే ఇప్పటి చోటికి మోసుకొచ్చాయని 2006లో విలియం వార్డ్, రాబిన్ కానప్ ప్రతిపాదించారు. వినడానికి చక్కగా ఉంది, పైగా ఆ 3, 4, 5, 6 వరసకు కారణం కూడా దొరుకుతుంది. కానీ 2008లో యోరం లిథ్విక్, యాంకిన్ వూ చూపించినదాన్ని బట్టి, నిక్స్‌ను మోయడానికి షారన్ కక్ష్య ఎంత సాగి ఉండాలో, హైడ్రాను మోయడానికి ఎంత సాగి ఉండాలో ఆ రెండూ పొసగవు. షారన్ దూరం జరగడం పూర్తయ్యాక మిగిలిన శిథిలాల్లోంచి ఇవి అక్కడికక్కడే కూడాయనే వాదన ఇప్పుడు బలంగా వినిపిస్తోంది. కానీ షారన్ జరుగుతున్నంత కాలం ఆ శిథిలాలు చెదిరిపోకుండా ఎలా ఆగాయన్న ప్రశ్న దానికీ ఉంది.

ఈ లెక్కల్లో కొంత ఇంట్లోనే చేసి చూడొచ్చు. కక్ష్యలు లెక్కించే రీబౌండ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది. లెక్కలో కాలాన్ని 0.3 రోజుల చొప్పున ముందుకు జరిపితే, సెకనుకు పది లక్షల అడుగులు వేసే కంప్యూటర్‌కు 400 కోట్ల ఏళ్లు దాటడానికి దాదాపు 56 రోజులు పడుతుంది. అదీ ఒక్క నమూనాకే. కొన్ని లక్షల ఏళ్ల లెక్క మాత్రం నిమిషాల్లో వస్తుంది. ఆరు గోళాలనూ ఇప్పటి స్థానాల్లో పెట్టి ముందు ఒకసారి నడపాలి. తర్వాత నిక్స్, హైడ్రా ద్రవ్యరాశులను పది రెట్లు, ఆపైన 60 రెట్లు పెంచి మళ్లీ నడిపి, ప్రతిసారీ కెర్బెరోస్ కక్ష్య ఎంత సాగుతోందో రాసుకోవాలి. 2012లో యుడిన్, క్రాటర్, కెన్యన్ వేసిన ప్రశ్న అదే.